వేర్వేరు ఊళ్ళల్లో ఉంటూ రాక్ ఆల్బం చేయడం కుదురుతుందా?

మీ ప్రశ్న ఇదీ: ముగ్గురు మిత్రులు, మూడు చోట్ల ఉన్నారు, తలా ఒక లాప్‌టాప్, ఒక ఆడియో ఇంటర్ఫేస్ (మైకునీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఉన్నాయి, నిజం డ్రమ్స్‌తో పది పాటల రాక్ ఆల్బం చేయాలని ఉంది. ఆన్‌లైన్లో కలిసి వాయించొచ్చా, ఫైళ్ళు పంపించుకోవాలా, ఎక్కడ మొదలుపెట్టాలి?

కుదురుతుంది. మేం నలుగురం అలాగే చేశాం. నేను బేస్ వాయిస్తాను, ఫైళ్ళు సర్దే పని కూడా నా నెత్తినే పడింది, కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను. ఒక్క మాట ముందే చెప్తాను: ఇలాంటి ఆల్బంలు ఆగిపోయేది దూరం వల్ల కాదు, ఏ నిర్ణయమూ తెగకపోవడం వల్ల. పరికరాల గురించి వంద వీడియోలు దొరుకుతాయి, ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

ముందు కలిసి వాయించే సంగతి తేల్చేద్దాం. మామూలు వీడియో కాల్ పనికిరాదు. అది మాటల కోసం చేసింది, గిటార్ మోతని గోల అనుకుని నొక్కేస్తుంది, ఇద్దరు ఒకేసారి వాయిస్తే ఒకరిని మింగేస్తుంది. జామ్యులస్, సోనోబస్, స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన జాక్‌ట్రిప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇందుకోసమే ఉన్నాయి. కానీ అవి కూడా దూరాన్ని మాయం చేయలేవు. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే 1,000 కిలోమీటర్లకి 5 మిల్లీసెకన్లు. వినడానికి చిన్నదే, దానికి మీ ఇంటర్ఫేస్ బఫర్ (శబ్దాన్ని కాసేపు పోగుచేసి పంపే చోటు), అవతలివాళ్ళ బఫర్, దారిలో రౌటర్లు, వైఫై నఖరాలు అన్నీ కలిపి చూడండి. ఒకవైపు ఆలస్యం 25–30 మిల్లీసెకన్లు దాటిందంటే ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఉంటారు, టెంపో, అంటే పాట వేగం, మెల్లగా పడిపోతూ పోతుంది. గాలిలో శబ్దం వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు, కాబట్టి 30 మిల్లీసెకన్లంటే మీ డ్రమ్మర్ పది మీటర్ల అవతల కూర్చుని వాయిస్తున్నట్టు లెక్క. మేం వీటిని పాటలు కట్టుకునేటప్పుడు వాడాం, రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ ముక్క) వినిపించడానికి, పల్లవి ఎన్నిసార్లు రావాలో చూసుకోవడానికి చాలా బాగా పనికొచ్చాయి. రికార్డింగ్‌కి మాత్రం ఎవరి గదిలో వాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు. అంతే.

ఇలా దూరంగా ఉండి చేసినదానికి ఉదాహరణగా చాలామంది ది పోస్టల్ సర్వీస్ అనే బ్యాండ్ పేరు చెప్తారు. ఇద్దరు కళాకారులు లాస్ ఏంజెలెస్, సియాటిల్ మధ్య రికార్డింగులు పోస్టులో పంపించుకుంటూ చాలామటుకు చేసిన ఆల్బం, 2003లో వచ్చింది, ఆ పేరు కూడా అందుకే పెట్టుకున్నారు. అయితే అది ఎక్కువగా ఎలక్ట్రానిక్ బీట్ల మీద నడిచే సంగీతం. బీట్ కంప్యూటర్లో ఉన్నప్పుడు అందరికీ ఒకే లయ దొరుకుతుంది. మీది రాక్ అంటున్నారు, నిజం డ్రమ్స్ అంటున్నారు, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అందరూ చేసే పద్ధతి ఏంటంటే, నిమిషానికి 120 బీట్లు అని ఒక టెంపో పెట్టి, క్లిక్ (లయ చూపే టిక్ టిక్) ఆన్ చేసి, గిటార్ రఫ్‌గా వాయించి, డ్రమ్మర్‌కి పంపడం. తప్పేం కాదు, కానీ పాట ఇస్త్రీ చేసినట్టు వస్తుంది. ఒకే గదిలో వాయించే బ్యాండ్ పల్లవిలోకి వెళ్ళేటప్పుడు తెలియకుండానే కొంచెం పరుగెత్తుతుంది, చరణంలో మళ్ళీ కుదుటపడుతుంది. ఆ పరుగు లేకపోతే పల్లవి ఎంత గట్టిగా వాయించినా లేవదు. మేం చేసింది ఇది: పాట రాసినవాడు క్లిక్ లేకుండా, గిటార్ పట్టుకుని కాలితో తాళం వేసుకుంటూ, పాడుతూ మొత్తం రికార్డు చేస్తాడు. ఆ రికార్డింగ్ మీద బార్ల (తాళం ఆవర్తాల) గీతలు చేత్తో కూర్చోబెట్టి టెంపో మ్యాప్, అంటే పాటలో ఎక్కడ ఎంత వేగమో చూపే పటం తీస్తాం, రీపర్, లాజిక్, క్యూబేస్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు అన్నిట్లో ఈ సదుపాయం ఉంటుంది. అందులో చేతి తడబాటు ఏదో, కావాలని పరుగెత్తింది ఏదో తెలిసిపోతుంది. తడబాటు తీసేసి, పరుగు మాత్రం ఉంచుతాం, పల్లవికి రెండు మూడు బీపీఎం (నిమిషానికి బీట్లు) ఎక్కువ, బ్రిడ్జ్‌కి (మధ్యలో వేరుగా వచ్చే భాగానికి) కొంచెం తక్కువ, అలా. ఇప్పుడు డ్రమ్మర్‌కి వెళ్ళే క్లిక్ పాటతో పాటు ఊపిరి తీసుకుంటుంది. పని ఎక్కువే, విసుగు కూడా, అయినా ఈ ఆల్బంలో నాకు బాగా నచ్చిన ప్రతి పాటలోనూ ఆ పని ఉంది.

డ్రమ్మర్‌కి గైడ్ ట్రాక్ (దారి చూపడానికి రఫ్‌గా తీసిన రికార్డింగ్) అంతా కలిపేసి ఒకే ఫైలుగా పంపకండి. గిటార్ వేరే, గొంతు వేరే, క్లిక్ వేరే పంపండి, అతనికి హెడ్‌ఫోన్లో ఏది ఎంత కావాలో అతనే పెట్టుకుంటాడు. పాట చివర సింబల్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్ళెం) మోగుతూ ఆగిపోయే చోట క్లిక్ ముందే ఆపేసి పంపండి, లేకపోతే హెడ్‌ఫోన్లోంచి కారిన టిక్ టిక్ డ్రమ్స్ పైన వేలాడే ఓవర్‌హెడ్ మైకుల్లో పడుతుంది, ఆ నిశ్శబ్దంలో దాన్ని ఎవరూ దాచలేరు. డ్రమ్స్ తీసేటప్పుడు పక్కన ఫోన్ పెట్టి వీడియో కూడా తీయమనండి. ఇది నేను అడిగి పెట్టించిన నియమం. శబ్దం ఒక్కటే విని బేస్ వాయించడం వేరు, ఫిల్ (రెండు భాగాల మధ్య వచ్చే డ్రమ్స్ విరుపు) మొదలయ్యే ముందు అతని భుజం లేవడం చూస్తూ వాయించడం వేరు. ఒకే గదిలో ఉంటే కళ్ళతో పట్టుకునేదాన్ని అలా కొంతైనా వెనక్కి తెచ్చుకోవచ్చు.

డ్రమ్స్ వచ్చాక గైడ్ గిటార్ పారేయండి. మొహమాటం లేకుండా. తర్వాత బేస్, ఆ తర్వాత అసలు గిటార్లు, చివర్లో గొంతు. మొదట వాయించిన గిటార్ ఎంత బాగున్నా అది డ్రమ్స్ వినకుండా వాయించింది కదా, అందుకే.

ఇక ఫైళ్ళ సంగతి, ఇది పొడిగా ఉంటుంది కానీ తప్పదు. శాంపుల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) అందరికీ ఒకటే ఉండాలని మాట్లాడుకోండి, మొదటిరోజే, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అని రాసుకోండి. 44.1లో తీసిన ఫైలుని సాఫ్ట్‌వేర్ 48 అనుకుని వాయిస్తే సుమారు 9 శాతం వేగంగా, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకి పోతుంది. ప్రతి ట్రాకూ పాట సున్నా సెకను నుంచే మొదలవ్వాలి, సోలో చివర్లో ఎనిమిది బార్లే ఉన్నా సరే ముందంతా ఖాళీ నిశ్శబ్దంతో ఒకే ఫైలుగా పంపాలి. అప్పుడు ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఫైలుని మొదట్లో పెడితే చాలు. గైడ్ ట్రాకులు కూడా ఎంపీత్రీలో పంపకండి, ఆ పద్ధతిలో ఫైలు మొదట్లో కాస్త ఖాళీ చేరుతుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని తీసేస్తాయి, కొన్ని తీయవు. దాని మీద వాయించిన గిటార్ తర్వాత ఎక్కడో జారి కూర్చుంటుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. వేవ్ ఫైలే పంపండి. మోనో ట్రాక్ నిమిషానికి 8.6 ఎంబీ పైన, ఎనిమిది మైకుల డ్రమ్స్ నాలుగు నిమిషాల టేకు (ఒకసారి వాయించి తీసిన రికార్డింగ్) ఒక్కటే 275 ఎంబీ దాటుతుంది, క్లౌడ్‌లో చోటు ముందే చూసుకోండి.

చాలామంది వదిలేసే పరీక్ష ఇంకొకటి ఉంది. మీ ఇంటర్ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఒక కేబుల్ తీసి దాని ఇన్‌పుట్‌కే పెట్టి, క్లిక్‌ని వాయించి అదే క్లిక్‌ని రికార్డు చేయండి. రెండు గీతలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడాలి. 240 శాంపుల్స్ వెనక పడిందనుకోండి, 48 కిలోహెర్ట్జ్‌లో అది 5 మిల్లీసెకన్లు. ఆ అంకెని సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ ఆఫ్‌సెట్ అనే చోట వేస్తే సరిపోతుంది. మా గిటారిస్టు లయ తప్పుతున్నాడని మేం చాటుగా అనుకుంటూ ఉండేవాళ్ళం, చివరికి చూస్తే తప్పు అతనిది కాదు, ఇంటర్ఫేస్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ది. ముగ్గురూ ఈ పరీక్ష చేశాకే మొదటి టేకు తీయండి.

గిటార్ విషయంలో ఒకటే పట్టుబట్టండి: మీకు నచ్చిన టోన్‌తో పాటు ఏ ఎఫెక్టూ లేని డీఐ సిగ్నల్ (గిటార్ నుంచి నేరుగా వచ్చే శబ్దం) కూడా పక్కనే రికార్డు కావాలి. తర్వాత మిక్స్‌లో (అన్ని ట్రాకులనీ కలిపి సర్దేటప్పుడు) టోన్ కుదరకపోతే ఆ డీఐని ఆంప్‌లోకి పంపి మళ్ళీ తీయొచ్చు, మళ్ళీ వాయించక్కర్లేదు. ట్యూనర్ అందరిదీ A=440 హెర్ట్జ్ మీద ఉందో లేదో చూసుకోండి, ప్రతి టేకుకీ ముందు శ్రుతి చేసుకోండి, డిస్టార్షన్‌లో కొద్దిపాటి శ్రుతి తేడా కూడా కీచుమంటూ బయటపడుతుంది. గొంతులు, గిటార్లు వీలైనంత పొడిగా, గది మోత లేకుండా తీయండి. మూడు గదుల ప్రతిధ్వనులు కలిస్తే ముగ్గురు మూడు చోట్ల ఉన్నారని వినేవాళ్ళకి తెలిసిపోతుంది. పొడిగా ఉంటే మిక్స్‌లో అందరినీ డ్రమ్స్ గదికి దగ్గరగా ఉండే ఒకే రివర్బ్ (గది మోతని అనుకరించే ఎఫెక్ట్) లోకి పంపి ఒక్కచోట కూర్చోబెట్టొచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దూరంగా ఉండి చేసేటప్పుడు టేకులకీ ప్లగిన్లకీ (శబ్దాన్ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లకీ) అంతు ఉండదు, స్టూడియోలో అయితే గడియారం తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఏదో ఒకటి తేలుస్తారు. ఇంట్లో అయితే "ఇంకో నాలుగు వెర్షన్లు పంపాను, ఏది బాగుందో చెప్పండి" అంటారు, ఎవరూ చెప్పరు, పాట అక్కడే పడుకుంటుంది. అందుకని ఒక పాటకి ఒక పెద్ద. సాధారణంగా రాసినవాళ్ళే. సలహాలు అందరూ ఇస్తారు, చివరి మాట మాత్రం ఆ ఒక్కరిదే, ఆ మాట అయ్యాక వాదన లేదు. వాయించేవాళ్ళు టేకులన్నీ పంపకూడదు, వాళ్ళే ఎంచుకుని ఒకటి, మహా అయితే రెండు పంపాలి. ఎంచుకోవడం కూడా వాయించడంలో భాగమే. నా బేస్ టేకుల్లో ఏది బాగుందో నాకంటే వేరేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

సలహా ఇచ్చే తీరు కూడా మార్చుకోవాలి. "ఫీల్ రావట్లేదు" అనే మాట మా గ్రూపులో నిషేధం. నిమిషం, సెకను చెప్పాలి, ఏం వినిపించిందో చెప్పాలి, "1:42 దగ్గర స్నేర్ డ్రమ్ తర్వాత గిటార్ తొందరపడింది" ఇలా. బాగుంటే మెసేజ్ పెట్టొచ్చు, బాలేదంటే ఫోన్ చేసే చెప్పాలి, ఎందుకంటే రాతలో చదివిన "ఓకే" ఒక్కొక్కరికి ఒక్కోలా వినిపిస్తుంది, ముఖ్యంగా అర్ధరాత్రి దాకా కూర్చుని తీసిన టేకు మీద. అన్నిటికంటే చెడ్డది మెసేజ్ చూసి ఏమీ అనకపోవడం. రెండు రోజుల్లో ఎవరూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే అని పెట్టుకున్నాం. ఈ ఒక్క నియమంతో సగం టెన్షన్ పోయింది.

మిక్స్ ఒక్కరే చేయాలి, వీలైతే బ్యాండ్ బయటివాళ్ళు. ముగ్గురూ మూడు రకాల స్పీకర్లలో వింటారు కాబట్టి ఒకరికి బేస్ ఎక్కువ, ఇంకొకరికి తక్కువ అనిపించడం ఖాయం. ముందు అందరికీ తెలిసిన ఒక పాట అదే స్పీకర్లో విని, వెంటనే మీ మిక్స్ విని, అప్పుడు మాట్లాడండి. మోత పెంచడం గురించి పోట్లాడకండి, స్పాటిఫై లాంటివి మామూలుగా పాటల్ని −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే మోతని కొలిచే ప్రమాణం) దగ్గరికి సర్దేస్తాయి.

హక్కుల మాట నవ్వుకుంటూ మాట్లాడుకోగలిగినప్పుడే రాసేసుకోండి. పాట రాసిన హక్కు వేరు, ఈ రికార్డింగ్ మీద హక్కు వేరు. డ్రమ్మర్ పాట రాయకపోవచ్చు, రికార్డింగ్‌లో అతని వాటా ఎంతో తేలాలి కదా. ప్రతి రికార్డింగ్‌కీ ఆ రికార్డింగ్‌ని గుర్తించే 12 అక్షరాల, అంకెల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వస్తుంది, అది ఎక్కడో భద్రంగా రాసి పెట్టుకోండి, రేపు డిస్ట్రిబ్యూటర్‌ని (పాటల్ని స్పాటిఫై లాంటివాటికి చేర్చే సంస్థని) మార్చినా అదే కోడ్ వాడాలి. డిస్ట్రిబ్యూటర్ ఖాతా ఒకరి సొంత ఈమెయిల్ మీద కాకుండా బ్యాండ్ పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి దాని మీద పెట్టండి.

పది పాటలూ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఒక్కటి తీసుకుని మిక్స్ దాకా తీసుకెళ్ళండి, మీ ముగ్గురిలో ఎవరు ఎక్కడ ఆలస్యం చేస్తారో ఆ ఒక్క పాటలోనే తెలిసిపోతుంది. మధ్యలో ఒకసారి కలుసుకునే వీలుంటే మిక్స్ కోసం ఖర్చు చేయకండి, పాటలు కట్టే దశలో కలవండి, కుదిరితే డ్రమ్స్ తీసేరోజు కలవండి. మిగతాదంతా ఎవరింట్లో వాళ్ళు చేసుకోవచ్చు. డ్రమ్స్‌కి మీ దగ్గర ఏ మైకులున్నాయో, ఎన్ని ఇన్‌పుట్లున్నాయో కింద రాస్తే వాటితో ఎలా పెట్టుకోవచ్చో చెప్తాను, నాలుగు ఇన్‌పుట్లతో కూడా పని జరుగుతుంది.