పాలపళ్ళ గాటు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి మావయ్య దీవెనలు.

నిన్న సోమవారం పొద్దున్నే నువ్వు ఫోను చేసి, బుజ్జిగాడి చేతిని కుక్కపిల్ల కరిచిందనీ, రెండు పళ్ళు దిగి రక్తం చుక్క కనబడిందనీ చెప్పేసరికి నా ప్రాణం ప్రాణంలో లేదు. నే చెప్పినట్టే బోరు కింద సబ్బుతో పావుగంట సేపు కడిగావు, సాయంత్రానికి మొదటి సూది వేయించుకొచ్చావు. మంచి పని చేశావు తల్లీ. పిచ్చికుక్క జబ్బు, అదే రేబిస్, తెచ్చే క్రిమి మీద ఉండే కొవ్వు పొరని సబ్బు చెడగొడుతుంది. అందుకే ఉత్త నీళ్ళు చాలవు, నాలుగు చెంబులు గుమ్మరించి లేచిపోతే చాలదు. గాటు మీద సున్నం, కారం, కాఫీ పొడి, జిల్లేడు పాలు పెట్టేవాళ్ళని మన లంకల్లో ఎంతమందినో చూశాను. అవి పుండుని రేపుతాయి తప్ప ఇంకెందుకూ పనికిరావు. నువ్వేమీ పుయ్యలేదన్నావు, కట్టు కూడా కట్టొద్దు.

ఇవాళ మళ్ళీ ఫోనులో, "పాలు మరిచిన వారానికే పిచ్చెక్కుతుందా, పసివాణ్ణి ఇన్ని సూదులు పొడిపించాలా, దాన్ని కాలవ అవతల వదిలేస్తే పోతుంది" అని మీ అత్తగారు అంటున్నారన్నావు. వదినగారి మాట కొట్టిపారేసేది కాదు. ఇంతమంది పిల్లల్ని ఆవిడ చేతులమీదుగా పెంచారు. కానీ ఈ ఒక్క విషయంలో ఆవిడ అన్న మాటే ఒకప్పుడు నేనూ అన్నాను. దాని ఫలితం కళ్ళారా చూశాను. అందుకే ఫోనులో తేల్చకుండా కూర్చుని రాస్తున్నాను. ఆవిడకి కూడా చదివి వినిపించు.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరిన కొత్తల్లో ఒక రైతు వచ్చి, గట్టు మీద మేస్తున్న గేదె కాలు ఏదో కుక్కపిల్ల పట్టుకుందండీ, చిన్న గాటు పడింది అన్నాడు. "పిల్లది కదా, ఏమీ కాదులే" అని పసుపు రాయమని పంపేశాను. నెలన్నర పోయాక ఆ గేదే మేత మానేసింది, నోట చొంగ కారుస్తోంది, గొంతు మారి అదే పనిగా అరుస్తోంది. మామిడి టెంక అడ్డం పడిందేమోనని రైతు అనుకున్నాడు, నేనూ అదే అనుకున్నాను. ఒట్టి చేత్తో గొంతు దాకా పెట్టి వెతికాను. టెంకా లేదు, ఏమీ లేదు. మూడో రోజుకి గేదె పడిపోయి చచ్చిపోయింది. అప్పుడు గాని డాక్టరు గారు పాత గాటు సంగతి అడగలేదు, అప్పుడు గాని నాకు నా మాట గుర్తు రాలేదు. నాకూ, ఆ రైతుకీ, చొంగ తుడిచిన అతని కొడుక్కీ బొడ్డు చుట్టూ తలా 14 సూదులు. గొర్రె మెదడు నుంచి తీసిన పాతకాలపు మందు అది, 2004 తర్వాత మన దేశంలో వాడకం ఆపేశారు. ముగ్గురం బతికాం. కానీ ఆ పిల్లవాడు రోజూ పొట్ట పట్టుకుని ఏడుస్తూ రావడం నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది.

ఇప్పుడు అంత బాధ లేదమ్మా. రెండు చేతుల దండలకీ చర్మం పైపొరలో చెరొక చుక్కంత మందు, మొత్తం నాలుగుసార్లు. మొదటి రోజు, ఆ పైన 3, 7, 28వ రోజులు. సోమవారం మొదలైంది కాబట్టి ఎల్లుండి గురువారం, పై సోమవారం, ఆ తర్వాత మూడు వారాలకి వచ్చే సోమవారం. కేలండరు మీద ఎర్ర పెన్సిలుతో గీత పెట్టు.

ఇంకొకటి, అసలు ఈ ఉత్తరం రాయడానికి తొందర దీనికే. రక్తం కనబడిన గాటుకి టీకా ఒక్కటే చాలదు. టీకా వల్ల ఒంట్లో బలం పుట్టడానికి వారం పది రోజులు పడుతుంది. ఈలోపు కాపాడేది గాటులోనే, దాని చుట్టూ వేసే సీరం. ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటారు. నిన్న అది వేశారో లేదో నువ్వు చెప్పలేదు, నేనూ కంగారులో అడగలేదు. చీటీ చూడు. వెయ్యకపోతే మొదటి సూది పడిన ఏడు రోజుల్లోపు వేయించవచ్చు, కానీ రేపటిని ఎల్లుండి చెయ్యకు. మీ పీహెచ్‌సీలో లేకపోతే అమలాపురం ఏరియా ఆసుపత్రిలో అడగండి, అక్కడా కాకపోతే కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళండి. అల్లుడు గారికి చెరువు పని ఉంటే మా అబ్బాయి కారు మాట్లాడుకొస్తాడు.

కుక్కపిల్లని మాత్రం కాలవ దాటించకండి, కొట్టకండి. అది మన కళ్ళ ముందుండాలి. ఈ జబ్బు నరాల వెంట పాకి మెదడుకి చేరాకే చొంగలోకి వస్తుంది. అలా చొంగలోకి వచ్చిన కుక్క పది రోజుల్లోపు జబ్బు బయటపెడుతుంది, లేదా చచ్చిపోతుంది. అందుకని పశువుల సావిడిలో ఒక మూల కట్టి, గిన్నె దూరంగా జరిపి అన్నం పెట్టండి. పిల్లలెవరూ అటు పోకూడదు. పై గురువారం దాటి అది చలాకీగా ఉంటే దేవుడి దయ. అప్పుడు మిగిలిన సూది ఉంచాలా, మానాలా అన్నది డాక్టరు గారు చెబుతారు. మన అరుగు మీద తేల్చుకునే మాట కాదు. ఈలోపు అది చచ్చిపోతే పూడ్చకుండా, ముట్టుకోకుండా పశువుల డాక్టరు గారికి కబురు చెయ్యండి.

పిచ్చికుక్క అంటే నాలుక వేలాడేసుకుని అందరి మీదా పడేదే అనుకుంటారు. కొన్ని కుక్కలు కరవనే కరవవు. చీకటి మూలకి, మంచం కిందకి దూరతాయి. దవడ జారిపోతుంది, వెనక కాళ్ళు ఈడుస్తాయి. గొంతులో ఎముక ఇరుక్కుందని జాలిపడి నోట్లో చెయ్యి పెట్టేది ఇక్కడే. ఇంకో మాట కూడా వింటుంటాను, కాలవ ఈదిన కుక్కకి పిచ్చి లేనట్టేనని. నీళ్ళంటే భయం మనిషికి వచ్చే లక్షణం. కుక్క నీళ్ళలోకి దిగుతుంది, మూతి పెడుతుంది, మింగలేదు అంతే.

ఇక దాని టీకా సంగతి. మీ రొయ్యల చెరువు గట్టు మీది కుక్కే దాని తల్లి. చిత్తకార్తెలో కట్టింది, డిసెంబరు నడిమికి ఈనింది, కనుమ నాడు మీరు ఇంటికి తెచ్చుకున్నారు. అంటే మూడు నెలలు నిండేది మార్చి మధ్యకి. మొదటి టీకా అప్పుడు, రెండోది నెలకి, ఏప్రిల్ మధ్యలో. ఆ తర్వాత ఏడాదికొకటి, బతికినంత కాలం. అంతకంటే ముందే వేద్దామని డాక్టరు గారంటే వేయించు, కానీ మూడు నెలలు నిండాక మళ్ళీ తప్పదు. మరీ లేతప్పుడు వేసిన టీకాని నమ్ముకోకూడదు. దానికి పది రోజుల ముందు నట్టల మందు పట్టించు. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మందుల షాపులో కొని సంచిలో వేసుకుని, కరెంటు పోయే ఫ్రిజ్‌లో దాచి, ఎవరిచేతో పొడిపించడం నేను ఒప్పుకోను. ఆసుపత్రికే తీసుకెళ్ళి కార్డు మీద తేదీ రాయించుకో.

జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు. 1885లో అదే రోజు పాశ్చర్ తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా వేయించి బతికించాడు. ఆ రోజుకి మీ చెరువు గట్టు మీది కుక్కలన్నిటినీ పట్టించమని అల్లుడు గారితో చెప్పు. కాపలా కోసం అన్నం పెట్టేది మనమే కాబట్టి వాటి పూచీ కూడా మనదే. ఊళ్ళో నూటికి డెబ్బై కుక్కలకి టీకా పడితే జబ్బు పాకడం ఆగిపోతుంది. మళ్ళీ చిత్తకార్తె వచ్చి అవి ఒకదాన్నొకటి కొరుక్కునేలోపు ఈ పని అయిపోవాలి. వీలైతే ఆ తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను కూడా చేయించండి.

బుజ్జిగాణ్ణి తిట్టకు. తిడితే ఇంకోసారి గీరినా చెప్పడు, దాచుకుంటాడు. కుక్క నాకినా, గీరినా పరిగెత్తుకొచ్చి చెప్పాలని నెమ్మదిగా నేర్పు.

మా అబ్బాయి ఈ ఉత్తరంతో పాటు గొలుసు, మెడపట్టీ తెస్తాడు. వాడు అక్కడుండగానే చీటీ తీసి సీరం వేశారో లేదో చూసి నాకు ఫోను చేయించు. వదినగారికి నా నమస్కారాలు.

మీ మావయ్య