‘ఈ-క్యాడ్‌హెరిన్ నెగెటివ్’ అంటే క్యాన్సర్ పాకిపోయినట్టేనా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అమ్మకు 58 ఏళ్లు. రొమ్ము గట్టిపడిందని బయాప్సీ చేయిస్తే లోబ్యులార్ కార్సినోమా అన్నారు. రిపోర్టులో ‘ఈ-క్యాడ్‌హెరిన్ నెగెటివ్, ఈఆర్ పాజిటివ్’ అని ఉంది. ఆ ప్రొటీన్ లేకపోతే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని నెట్‌లో చదివాను. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అమ్మ వాళ్ల నాన్నగారు కడుపు క్యాన్సర్‌తో పోయారు. నాకూ వస్తుందా? - ఓ పాఠకురాలు

జవాబు: ‘ఈ-క్యాడ్‌హెరిన్ నెగెటివ్’ అన్న మాట క్యాన్సర్ ఎంత దూరం వెళ్లిందో చెప్పేది కాదమ్మా. అది ఏ రకమో తేల్చుకోవడానికి పెథాలజిస్టు చేసే పరీక్ష. లోబ్యులార్ రకంలో, అంటే పాలగ్రంథుల్లో మొదలయ్యే క్యాన్సర్‌లో, చాలామందికి నెగెటివే వస్తుంది.

అలాగని మీరు చదివింది ఉత్త పుకారూ కాదు. 16వ క్రోమోజోము మీదుండే సీడీహెచ్1 జన్యువు ఈ ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేది దీనివల్లే. ఇది పోతే, కట్టు తెగిన వరిపనలా కణాలు విడిపోయి, ఒకదాని వెనక ఒకటి చొచ్చుకుపోతాయి. అందుకే ఈ రకంలో చాలాసార్లు గడ్డ చేతికి తగలదు, మామోగ్రామ్‌కు కూడా చిక్కకపోవచ్చు. కానీ కట్టు వదిలిన ప్రతి కణమూ ఎముకకో లివరుకో చేరదు. రక్తంలోకి దూరాలి, అక్కడ బతకాలి, కొత్తచోట నిలదొక్కుకోవాలి. చాలావరకు దారిలోనే చస్తాయి. పాకిందా లేదా అన్నది చంకలోని లింఫ్ గ్రంథుల పరీక్ష, స్కాన్‌లు చూసి చెప్పాలి. సూది గుచ్చితే పాకుతుందని మనవైపు ఇంకా అంటూనే ఉంటారు. ఆ మాటలు విని ఆపరేషన్ వాయిదా వేయకండి.

ఈఆర్ పాజిటివ్, అంటే క్యాన్సర్ కణాల మీద ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు ఉండటం, మంచి కబురే. హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి, కొన్నేళ్లు మానకుండా వాడాలి.

నన్ను ఆలోచింపజేసింది మీ తాతగారి సంగతి. ఎక్కువమందిలో ఈ జన్యువు చెడేది కణితిలో మాత్రమే, పిల్లలకు రాదు. కొద్ది కుటుంబాల్లో మాత్రం పుట్టుకతోనే వస్తుంది. 1998లో న్యూజిలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా వస్తున్న కడుపు క్యాన్సర్‌కు ఇదే కారణమని తేలింది. ఆ ఇళ్లలో ఆడవాళ్లకు లోబ్యులార్ రొమ్ము క్యాన్సర్ ముప్పూ ఎక్కువే. తాతగారిది ‘డిఫ్యూజ్’ రకమా (కణాలు గడ్డ కట్టకుండా కడుపు గోడలో విడివిడిగా పాకేది) అన్నది పాత కాగితాల్లో వెతకండి. అదే అయితే ముందు అమ్మగారికి రక్తంతో జన్యు పరీక్ష చేయించాలి, మీకు కాదు. ఆమెలో లోపం కనిపిస్తే మీకు రావడానికి సగం అవకాశం ఉంటుంది, అప్పుడు మీరూ చేయించుకోవాలి. కాగితాలు దొరక్కపోయినా, ఆయనకు ఏ వయసులో వచ్చిందో డాక్టరుకు చెప్పండి. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలాంటి చోట జెనెటిక్ కౌన్సెలింగ్ గురించి అడగండి. వెళ్లేటప్పుడు స్లైడ్లతో పాటు బయాప్సీ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన కండ ముక్కలు) కూడా ల్యాబ్‌లో అడిగి తీసుకోండి.