సూఫీ బోధనలు ప్రిన్సిపాల్‌కి పనికొస్తాయా?

బడినో కాలేజీనో నడిపేవాళ్లకి సూఫీ బోధనలు ఎలా ఉపయోగపడతాయన్నది ప్రశ్న. నన్నడిగితే ముందు ఇస్లామిక్ పండితుడు, సూఫీ అయిన అల్ గజాలీ జీవితం చూడాలి. 1091లో బాగ్దాద్‌లోని నిజామియా మదరసాలో పెద్ద పదవిలో చేరాడు. పేరు మారుమోగుతుండగానే 1095లో వదిలేసి వెళ్లిపోయాడు. తాను పాఠం చెబుతున్నది పేరుప్రతిష్ఠల కోసమేనని గ్రహించినట్టు ఆత్మకథలో రాసుకున్నాడు. మళ్లీ 1106లో ఇరాన్‌లోని నిషాపూర్‌లో బోధన మొదలుపెట్టాడు.

అలాగని ఎవర్నీ రాజీనామా చేయమనడం లేదు! సూఫీ సాధనలో ముహాసబా ఒకటి: రోజు గడిచాక తన మనసును తానే నిలదీసుకోవడం. మీటింగ్‌లో ఓ కొత్త టీచర్ టైమ్‌టేబుల్‌లో తప్పు చూపిస్తే "తర్వాత చూద్దాంలే" అని ఎందుకు తోసేశాను? టైమ్ లేకనా, అహం అడ్డొచ్చా? రాత్రి ఇలా తనను తాను ప్రశ్నించుకునే ప్రిన్సిపాల్ మర్నాడు ఆ టీచర్‌ని పిలిచి వింటాడు. సేవాభావం, మర్యాద లాంటివి చాలావరకు దీని వెంటే వస్తాయి.

సూఫీ పద్ధతిలో ఒకటి మాత్రం స్టాఫ్‌రూమ్‌లోకి తేకూడదు, గురువు మాటకు ఎదురుచెప్పకూడదన్న నియమం. శిష్యుడు గురువుని కోరి ఎంచుకుంటాడు. టీచర్లకి ప్రిన్సిపాల్‌ని ఎంచుకునే వీలుండదు, పైగా ఎదురుచెబితే ఉద్యోగానికి ఏమవుతుందోనన్న టెన్షన్ ఒకటి.