చిట్టా తీసేయమంటున్నారు, తీసేయనా?

ప్రశ్న: చిన్న డీటీపీ షాపు నడుపుతున్నాను. రెండేళ్లుగా విండోస్ బదులు ఉబుంటు (లినక్స్) వాడుతున్నాను. మొన్న ఒక దస్తావేజు టైపు చేస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాడై చాలా రోజులైంది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ‘రికవరింగ్ జర్నల్’ అని ఒక లైను వచ్చి, సిస్టమ్ మామూలుగానే తెరుచుకుంది. కానీ గంటసేపు కొట్టిన దస్తావేజు లేదు. జర్నల్ ఉండి కూడా ఫైలు ఎందుకు పోయింది? సిస్టమ్ చూడటానికి వచ్చినతను జర్నల్ వల్ల ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని, తీసేస్తే స్పీడు పెరుగుతుందని అంటున్నాడు. తీసేయమంటారా?
— ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: వద్దమ్మా, తీసేయకండి. దస్తావేజు పోయినందుకు మీకు కోపం రావడం సహజమే. అయితే మీరు చూసిన ఆ ఒక్క లైనే మిగతా ఫైళ్లన్నిటినీ కాపాడింది.

మా నాన్న ధాన్యం కొట్టులో గుమాస్తాగా చేసేవారు. ఆయన దగ్గర రెండు పుస్తకాలుండేవి. సరుకు కదలగానే చిట్టాలో పద్దు రాసి, కింద గీత కొట్టేవారు. రాత్రి కొట్టు కట్టేశాక ఆ పద్దుల్ని ఆవర్జాలో ఎవరి పేజీలో వాళ్లకి ఎక్కించేవారు. ఎక్కిస్తుండగా మధ్యలో లేవాల్సి వచ్చినా కంగారు ఉండేది కాదు. మర్నాడు చిట్టా తెరిచి, గీత ఉన్న పద్దుల్ని మళ్లీ ఎక్కించేవారు. గీత పడని పద్దు ఉంటే కొట్టేసేవారు. కామర్సు పుస్తకాల్లో జర్నల్‌ని చిట్టా అనే అంటారు. మీ కంప్యూటర్‌లో ఉన్నదీ అదే.

మీరు ఒక ఫైలు సేవ్ చేస్తే డిస్కు మీద ఒక్కచోట రాస్తే సరిపోదు. ఫోల్డర్‌లో పేరు చేరాలి, ఫైలు వివరాల గడి నిండాలి, ఏ బ్లాకులు ఖాళీ, ఏవి నిండాయి అనే పట్టీ మారాలి. సగం రాశాక కరెంటు పోతే వీటికి ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. ఒకే బ్లాకును రెండు ఫైళ్లు నాదంటే నాదంటాయి. అందుకే ఉబుంటు మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 (డిస్కు మీద ఫైళ్లని సర్దే పద్ధతి, ఫైల్ సిస్టమ్ అంటారు), ఈ మార్పుల్ని ముందు జర్నల్‌లో రాసి, చివర గీత కొట్టి, తర్వాతే అసలు చోట ఎక్కిస్తుంది. కరెంటు వచ్చాక గీత ఉన్నవాటిని మళ్లీ ఎక్కిస్తుంది, లేనివాటిని వదిలేస్తుంది. దీనికి మామూలుగా కొన్ని సెకన్లు చాలు.

జర్నల్ లేని రోజులు నేను చూశాను. 2000లో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసేవాణ్ని. ఇరవై మెషిన్లు, అన్నిట్లో జర్నల్ లేని పాత ఈఎక్స్‌టీ2. కరెంటు పోయి వచ్చిందంటే ఒక్కోదాని ముందూ కూర్చోవాలి. డిస్కు మొదటి నుంచి చివరి దాకా తనిఖీ అవుతుంది. కొన్ని మధ్యలో ఆగి రూట్ పాస్‌వర్డ్ అడిగేవి. తర్వాత ‘ఫిక్స్?’ అని ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు, ప్రతిదానికీ వై నొక్కడం. ఒకసారి ఒక అమ్మాయి ప్రాజెక్టు ఫైళ్లు కనిపించలేదు. ‘లాస్ట్ ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో చూస్తే పేర్లు పోయి, హ్యాష్ గుర్తు, దాని పక్కన ఒక నంబరు, అంతే. అలాంటివి నలభై పైచిలుకు. ఒక్కొక్కటీ తెరిచి చదివి ఆమెవి ఏరాం. పదకొండు దొరికాయి. వైవాకి రెండు రోజులే ఉంది, ఆ పిల్ల మొహం ఇప్పటికీ గుర్తుంది.

2001 అక్టోబరులో వచ్చిన రెడ్‌హ్యాట్ లినక్స్ 7.2లో ఈఎక్స్‌టీ3 ఉంది. స్టీఫెన్ ట్వీడీ పాత ఈఎక్స్‌టీ2కే జర్నల్ జోడించి దాన్ని తయారుచేశారు. డిస్కు ఫార్మాట్ చేయక్కర్లేదు, ఒక్క కమాండ్‌తో పాతది కొత్తదయ్యేది. ఇరవై మెషిన్లనీ ఒక ఆదివారం మార్చేశాను. ఆ తర్వాత కరెంటు పోతే నాకు టెన్షన్ లేదు.

ఇక మీ దస్తావేజు సంగతి. ఈఎక్స్‌టీ4 మామూలు పద్ధతిలో జర్నల్‌లోకి వెళ్లేది ఫైలు లోపలి మాటలు కావు, పైన చెప్పిన లెక్కలే. మీరు సేవ్ నొక్కకుండా, ఆటోరికవరీ (ప్రోగ్రామే మధ్యమధ్యలో కాపీ దాచుకోవడం) కూడా లేకుండా గంటసేపు కొట్టి ఉంటే, అది అసలు డిస్కుకే రాలేదు, ర్యామ్‌లోనే ఉంది. నొక్కాక కూడా, ప్రోగ్రాము వెంటనే రాయమని అడగకపోతే, సుమారు అరనిమిషం దాకా ర్యామ్‌లో ఆగొచ్చు. కాబట్టి లిబ్రేఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్ అనే చోటికి వెళ్లి ఆటోరికవరీకి టిక్ ఉందో లేదో చూసి, దాని సమయం తగ్గించుకోండి. మామూలుగా పది నిమిషాలుంటుంది, రెండు చేయండి. అక్కడే ‘బ్యాకప్ కాపీ’ గడి కూడా టిక్ పెట్టండి. లోపలి మాటల్ని కూడా జర్నల్‌లో రాయించే పద్ధతి ఒకటుంది, కానీ ప్రతిదీ రెండుసార్లు రాయాలి, మీకు అక్కర్లేదు.

ఎస్‌ఎస్‌డీ అరుగుదల అంటారా? 250 జీబీ ఎస్‌ఎస్‌డీకి 100 టెరాబైట్లు పైగా రాసుకోవచ్చని తయారీదారులు హామీ ఇవ్వడం మామూలే. మీరు రోజుకు 10 జీబీ రాసినా, డీటీపీ పనిలో అంత ఉండదు, అది పదివేల రోజులు, అంటే 27 ఏళ్లు. అందులో జర్నల్ వాటా కొద్దిగానే ఉంటుంది. స్పీడులో తేడా కూడా దస్తావేజులు కొట్టేవారికి కనిపించేంత ఉండదు. మీ డబ్బు, ఆలోచన యూపీఎస్ బ్యాటరీ మీద పెట్టండి. ఈ వారమే మార్చండి.

మీ సిస్టమ్‌లో జర్నల్ నడుస్తోందో లేదో చూడాలంటే, నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితాలో ‘జేబీడీ2’ అనే పేరు వెతకండి. పక్కన మీ డిస్కు పేరు, చివర 8 అనే అంకె ఉంటాయి. ఈఎక్స్‌టీ4లో జర్నల్‌కి కేటాయించిన ఫైలు వివరాల గడి నంబరే ఆ 8.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక నా లాప్‌టాప్ తెరుచుకోవడం లేదు. ‘రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ’ అని చెప్పి నల్ల తెర దగ్గర ఆగిపోతోంది. జర్నల్ ఉన్నా ఇలా ఎందుకు? ఫార్మాట్ చేసేయనా?
— ఒక విద్యార్థి, జగిత్యాల

జవాబు: తొందరపడకు నాన్నా, ఫార్మాట్ చేయకు. సగంలో ఆగిన రాతల్ని జర్నల్ సరిచేస్తుంది కానీ, డిస్కే పాడవుతుంటే అది ఏమీ చేయలేదు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కదా, కరెంటు పోతే అది ఆగకూడదు. నీ బ్యాటరీ పూర్తిగా పోయిందేమో చూసుకో. ముందు పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని, దాని నుంచి లాప్‌టాప్ ఆన్ చేసి, ‘డిస్క్స్’ అనే ప్రోగ్రాములో స్మార్ట్ డేటా (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) చూడు. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (డిస్కులో పాడైన, పాడైనట్టు అనుమానమున్న చోట్ల) దగ్గర అంకె రోజురోజుకీ పెరుగుతుంటే డిస్కు పోతున్నట్టే. ముందు నీ ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకో. అన్నీ బాగుంటే, లాప్‌టాప్ డిస్కులో ఉబుంటు ఉన్న విభాగం (పార్టిషన్) మౌంట్ కాకుండా, అంటే తెరిచి వాడకంలో లేకుండా ఉన్నప్పుడు, టెర్మినల్‌లో సుడో ఎఫ్‌ఎస్‌సీకే (తనిఖీ చేసి సరిచేసే కమాండ్) అని, పక్కన ఆ విభాగం పేరు రాసి ఎంటర్ నొక్కు. అది అడిగే ప్రశ్నలు చదువుతూ వై నొక్కు. అయ్యాక ‘లాస్ట్ ఫౌండ్’ ఫోల్డర్ తెరిచి చూడటం మరిచిపోకు.

ప్రశ్న: జర్నల్ ఉందిగా, పెన్‌డ్రైవ్ ఎప్పుడంటే అప్పుడు లాగేయొచ్చా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: లాగొద్దు. దుకాణంలో కొన్న పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఈఎక్స్‌టీ4లో కాదు, ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫైల్ సిస్టమ్‌లలో వస్తాయి. వాటికి జర్నల్ లేదు. ‘ఎజెక్ట్’ నొక్కి, ‘తీసుకోవచ్చు’ అని కనిపించాక, లైటు మిణకడం ఆగాక తీయండి.