అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్న సిస్కో స్విచ్‌లో విడివిడి లాగిన్లు: నేను చేసిన పద్ధతి

ఆఫీసులో సిస్కో 2960 ఉంది, నలుగురం ఒకే పాస్‌వర్డ్‌తో టెల్నెట్ (దూరం నుంచి స్విచ్‌లోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి) చేస్తున్నాం, ఎవరి అకౌంట్ వాళ్లకు ఎలా పెట్టాలి అని కదా మీరు అడిగింది. నాదీ ఇదే కథ.

అప్పట్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసుకునేవాణ్ణి. ల్యాబ్ పరీక్షకు ముందురోజు రాత్రి ఎవరో అప్‌లింక్ పోర్టు (స్విచ్‌ను మిగతా నెట్‌వర్క్‌కు కలిపేది) వీలాన్, అంటే అది ఏ నెట్‌వర్క్ విభాగంలో ఉండాలన్నది, మార్చేశారు. పొద్దున్నే ల్యాబ్‌లో ఒక్క సిస్టమ్‌కీ నెట్‌వర్క్ లేదు. లాగ్ తీస్తే 'కాన్ఫిగర్డ్ ఫ్రమ్ కన్సోల్ బై వీటీవై0' అని ఉంది (వీటీవై అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే లైన్), పక్కన స్టాఫ్ రూమ్ సిస్టమ్ ఐపీ. మనిషి పేరు లేదు. అందరూ నేను కాదంటే నేను కాదన్నారు. యూజర్‌నేమ్‌తో లాగిన్ పెట్టాక అదే లైన్లో వీటీవైకి ముందు పేరు కూడా పడుతోంది.

ముందుగా 'షో వెర్షన్' కొట్టి ఇమేజ్ (స్విచ్ సాఫ్ట్‌వేర్ ఫైలు) పేరులో 'కే9' ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఎస్ఎస్‌హెచ్ (టెల్నెట్ లాంటిదే, కానీ పంపేదంతా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది) రాదు. ఉంటే హోస్ట్‌నేమ్, డొమైన్ నేమ్ పెట్టి, 2048 బిట్ల ఆర్ఎస్ఏ కీ తయారుచేసి, ఎస్ఎస్‌హెచ్ వెర్షన్ 2 చేయండి. ఆ తర్వాత ఒక్కొక్కరికీ యూజర్‌నేమ్. ఇక్కడ 'పాస్‌వర్డ్' అని కాదు, 'సీక్రెట్' అని ఇవ్వండి. 'సర్వీస్ పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్' ఉంది కదా అనుకోకండి, అది చేసేది టైప్ 7 అనే బలహీనమైన పద్ధతి. కాన్ఫిగ్ (స్విచ్ సెట్టింగులు) కాపీ ఎవరి చేతికైనా చిక్కితే క్షణంలో విప్పేస్తారు. కొత్త ఐఓఎస్ (స్విచ్‌ను నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్) అయితే 'అల్గారిథమ్-టైప్ స్క్రిప్ట్' (scrypt) అని కలపండి, విప్పడం చాలా కష్టమైన టైప్ 9 వస్తుంది. పాతది ఒప్పుకోకపోతే అంతకంటే బలహీనమైన టైప్ 5తో సర్దుకోండి, ఆ కాన్ఫిగ్ బ్యాకప్ మాత్రం జాగ్రత్త. పోర్టు స్టేటస్ చూడటం తప్ప పనిలేని వాళ్లకు ప్రివిలేజ్ 1 (సెట్టింగులు మార్చలేని స్థాయి) చాలు, 15 (అన్నీ మార్చగల స్థాయి) అందరికీ పంచకండి.

తర్వాత వీటీవై లైన్లలో 'లాగిన్ లోకల్' (స్విచ్‌లో పెట్టిన యూజర్‌నేమ్‌తోనే లాగిన్), 'ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్ఎస్‌హెచ్' (టెల్నెట్ కాకుండా ఎస్ఎస్‌హెచ్ మాత్రమే). నేను బోల్తా పడింది ఇక్కడే. 0 నుంచి 4 వరకు చేసి, టెల్నెట్ మూసేశానని ధీమాగా కూర్చున్నా. కొన్నాళ్లకు ఒక జూనియర్ వచ్చి, "సార్, పాత పాస్‌వర్డ్‌తో నాకింకా టెల్నెట్ వస్తోందండీ" అన్నాడు. 5 నుంచి 15 వరకు ఉన్న లైన్లను నేను ముట్టుకోనే లేదు! మొత్తం 16 లైన్లు, 'లైన్ వీటీవై 0 15' అని ఒకేసారి చేసేయండి. కన్సోల్‌కు (కేబుల్‌తో నేరుగా తగిలించే పోర్టు) కూడా 'లాగిన్ లోకల్' పెట్టండి. అడ్మిన్ సిస్టమ్‌ల ఐపీలకే అనుమతిస్తూ యాక్సెస్-క్లాస్ కూడా తగిలిస్తే మంచిది.

మనల్ని మనమే బయట పెట్టి తాళం వేసుకోవడం ఇందులో మామూలే. అందుకే మొదలుపెట్టే ముందు ఉన్న కాన్ఫిగ్ సేవ్ చేసి, 'రీలోడ్ ఇన్ 15' కొడతాను. లోపలికి వెళ్లలేకపోతే 15 నిమిషాల్లో స్విచ్ రీస్టార్ట్ అయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. ఆ కాసేపు అందరికీ నెట్ పోతుంది కాబట్టి ఆఫీసు వేళల్లో వద్దు. పాత సెషన్ మూయకుండా, ఇంకో విండోలో కొత్త అకౌంట్‌తో ఎస్ఎస్‌హెచ్ చేసి చూడండి. వస్తే 'రీలోడ్ క్యాన్సిల్', ఆ తర్వాతే 'రైట్ మెమరీ' (కొత్త కాన్ఫిగ్ సేవ్). ఈ క్యాన్సిల్ మర్చిపోయి ఒకసారి నడి మధ్యాహ్నం ఫ్లోర్ మొత్తం పడగొట్టాను, అది వేరే కథ.