నాన్న పోయాక ప్రార్థన రావడం లేదన్న అమ్మాయికి

ప్రియమైన తల్లీ,

వందనాలు. నీ మెసేజ్ చదివాను. నాన్నకు బాగవ్వాలని ఇంటిల్లిపాదీ ఉపవాస ప్రార్థనలు చేశారు. జనవరి ఒకటిన చర్చిలో చీటీలా తీస్తే నీకొచ్చిన వాగ్దాన కార్డు, అంటే ఆ ఏటికని ఇచ్చే బైబిలు వచనం కార్డు మీద "నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను" అని ఉంటే, ఆయన మంచం పక్కన గోడకు అంటించావు. అయినా నాన్న వెళ్లిపోయారు. ఇప్పుడు మోకరిస్తే మాట రావడం లేదు, దేవుడు అసలున్నాడా అనిపిస్తోంది అన్నావు.

నాతో అన్న ఆ మాటే దేవుడితో అను. స్తుతి రానప్పుడు బలవంతంగా స్తుతించకు. "నేను నమ్మాను, నువ్వు వినలేదు" అని పైకే చెప్పు. లాజరు చనిపోయినప్పుడు అతని అక్కచెల్లెళ్లు మార్త, మరియ ఇద్దరూ "నీవిక్కడ ఉండిన యెడల నా సహోదరుడు చావకుండును" అని యేసు ముఖం మీదే అన్నారు. ఆయన గద్దించలేదు. మరియ ఏడుస్తుంటే తానూ కన్నీళ్లు విడిచాడు. విశ్వాసం తక్కువై నాన్న పోయారని ఎవరైనా అంటే ఆ మాట అస్సలు మనసులో పెట్టుకోకు.

రాత్రి 88వ కీర్తన తీసి చదువు. విలాప కీర్తనలు చాలావరకు చివరికి ఆశ వైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా పైన "ప్రధానగాయకునికి" అని ఉంది చూడు. అంటే ఆరాధనలో అందరూ కలిసి పాడుకోవడానికి ఇచ్చారన్నమాట. పైగా ఆ ఫిర్యాదంతా "నాకు రక్షణకర్తవగు దేవా" అని పిలిచాకే మొదలవుతుంది. దేవుడు చేసిన మేలు చెప్పుకునే మన సాక్ష్య కూడికల్లో జబ్బు నయమైనవాళ్లకే మైకు ఇస్తాం. నయం కానివాళ్ల ఇంటివాళ్లు వెనక కూర్చుని వింటారు. అది నాకు ఎప్పుడూ బాధే.

దేవుని సన్నిధి అంటే ఒళ్లు పులకరించడమే అనుకోకు. ఏలీయా ప్రవక్త ప్రాణం విసిగి బదరీవృక్షం కింద పడుకుంటే, దూత వచ్చి ప్రసంగం చేయలేదు. లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. హోరేబు కొండ, అక్కడ దేవుడు మాట్లాడిన ఆ నిమ్మళమైన స్వరం అన్నీ తర్వాతే. కాబట్టి ఎవరైనా క్యారేజీ తెస్తే వద్దనకు, తిను. వేళకు పడుకో. ఇప్పుడు దేవుడు నీ దగ్గరికి వచ్చేది అలాగే కావచ్చు.

కార్డు చించకు. ఆ వచనం కీర్తనకారుడు ఆపద నుంచి తప్పించుకుని పాడింది, నాన్న ఆయుష్షుకు పూచీ కాదు. చీటీలా తీసిన వచనాన్ని డాక్టరు రిపోర్టులా చదవడం సంఘంగా మనమందరం అలవాటు చేసుకున్నాం, అందులో తప్పు నీది కాదు. గోడ మీద చూడలేకపోతే తీసి బైబిల్లో పెట్టు.

ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నా చాలు. పాట రాకపోతే పక్కవాళ్లు పాడతారు. ప్రభువు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం మాత్రం మానకు.

ఇంకొకటి. మీ అమ్మ కూడా దేవుడి మీద కోపంగానే ఉందేమో, పాస్టరుగారి ముందు చెప్పలేక ఊరుకుంటోందేమో. ఆ కీర్తన ఆమె పక్కన కూర్చుని చదువు.

నీ పెద్దమ్మ