నైన్ వెల్స్ ఊటల దగ్గరికి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని కేంబ్రిడ్జ్ శివార్లలోని నైన్ వెల్స్‌కు వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మేము అక్కడ ఉన్న రోజుల్లో ఎంతో ఇష్టపడిన చోటును నువ్వే వెతికి పట్టుకున్నందుకు గర్వంగా ఉంది. చిన్నవాడి దుడుకుతనం తలచుకుంటే మాత్రం గుండె గుబగుబలాడుతోంది.

అడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి నుంచి గ్రేట్ షెల్ఫర్డ్ వైపు వెళ్లే రంగుగీతల సైకిల్ దారి పట్టుకో. నెటిల్ ఆకు తగిలితే దురదగొండిలా మండుతుంది కనుక పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వెయ్యి. గాలి గట్టిగా వీస్తుంటే ప్రయాణం మానుకో. అక్కడి బీచ్ అనే జాతి చెట్ల పెద్ద కొమ్మలు ఉన్నట్టుండి విరిగిపడతాయి. చుట్టూ పొలాలున్నాయి కాబట్టి ఎంత తేటగా కనిపించినా ఆ నీళ్లు తాగించవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలను నీళ్లలోకి దిగనివ్వకు. లోతు లేదు కదా అంటావని తెలుసు. ఒకసారి మాతో వచ్చిన ఒక కుటుంబంవారు కూడా అలాగే అనుకుని, పిల్లలను ఊట దగ్గర వదిలేసి పలహారాలు విప్పుకున్నారు. మన ఊళ్లలో పంట కాలువల్లో గట్లు కట్టి ఆడుకుంటూ పెరిగినవాళ్లం గనుక పెద్దలెవరికీ అది తప్పనిపించలేదు. ఆ పిల్లలు సుద్దముక్కలు, ఎండుకొమ్మలు పేర్చి అడ్డుకట్ట వేశారు. అడుగునున్న చెకుముకి రాళ్లు ఒక్కొక్కటిగా కనిపించిన నీరు కాసేపట్లోనే బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడింది. ఆ రాళ్ల సందులే చిట్టి రొయ్యలకు, నీటి పురుగులకు ఇళ్లు. వాటిమీద మట్టి పేరుకుంటే ఆ ప్రాణులకు గాలి ఆడదు. ఆ ఊటలు ఎంత సున్నితమైనవో 1976 కరువు ఒకసారి చూపించింది. అవి ఎండిపోయినప్పుడు చల్లని నీటిలో తప్ప బతకలేని ఒక అరుదైన చదును పురుగూ, కాడిస్ అనే నీటి పురుగుల్లో ఒక జాతీ అక్కడ లేకుండా పోయాయి. వాటివల్ల ఆ స్థలానికి దక్కిన ప్రత్యేక రక్షణ హోదా కూడా పోయింది. అలాంటి చోట మన పిల్లల కాళ్లవల్ల మరో చిన్న ప్రాణి పోకూడదు, తల్లీ.

అలాగని వాళ్లను బెదరగొట్టి దూరంగా నిలబెట్టకు. ఒక్కొక్కరినీ గట్టుమీద బోర్లా పడుకోబెట్టి, నడుము నువ్వు గట్టిగా పట్టుకుని, వేళ్లు మాత్రం నీటికి తాకించు. శీతకాలపు వానలు సుద్దరాతిలోకి ఇంకి, నేల లోపలి నుంచి నెమ్మదిగా వస్తాయి కనుక ఎండాకాలమైనా చలికాలమైనా ఆ నీటి చల్లదనం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పెద్దదానికి 1861లో నిలిపిన స్మారక స్తంభం చూపించి, 1610, 1614 మధ్య కట్టిన హాబ్సన్ కాలువ ఈ నీటినే పట్టణానికి చేర్చిందని చెప్పు. ట్రంపింగ్టన్ వీధి అంచున రోజూ చూసే పిల్లకాలువ ఎక్కడినుంచి వస్తోందో దానికి అర్థమవుతుంది.

బురదైన బూట్లు ఇంటికొచ్చాక కడిగి పూర్తిగా ఆరబెట్టు. ఒక వాగులోని తెగులు తడి బూట్లతోనే మరో వాగుకు పాకుతుంది. అల్లుడుగారిని కూడా వెంట తీసుకెళ్లు. ఆ చిన్నవాడిని పట్టుకోవడానికి నీ రెండు చేతులు చాలవు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ